చదరంగపు గళ్ళ సంఖ్యయు ఈశ్వరుని బుద్ధియు

మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన, చదరంగపు 64 గళ్ళలో మొదట ఒకటి, పిదప రెండు, ఆపై నాలుగు చొప్పున రెట్టించుకొని పోగా వచ్చు మొత్తమును, అగ్ని యన్న మూడు, వేదమన్న నాలుగు అను భూతసంఖ్యల సంకేతముతో ఒక్క పద్యములో ఇమిడ్చెనని ప్రసిద్ధి. ఆ సంఖ్య 18446744073709551615. గళ్ళలో బియ్యపు గింజలే పోసితిమనుకొని, వేయి గింజలు ఇరువది గ్రాములు తూగునని లెక్కించినచో, డోర్నకల్ జంక్షనులో కాజీపేట, విజయవాడ, భద్రాచలం రోడ్డు మార్గములు కలియుచోట నిలిచి, ఒక్కొక్కటి 3,700 టన్నులు మోయు గూడ్సు బండ్లను పది కోట్ల వరకు సాగనంపవలసి వచ్చును.

పరిమాణము కంటె నన్ను హెచ్చుగా ఆకర్షించునది దాని అంతర్నిర్మాణము. 32 రెండ్లను గుణించిన ఫలమునుండి ఒకటి తగ్గించినదానిని, ఆ ఫలమునకే ఒకటి కలిపినదానితో హెచ్చించినచో ఇదే సంఖ్య వచ్చును. తగ్గించిన భాగమును మరల మరల అట్లే చీల్చగా 3, 5, 17, 257, 65537 అను ప్రధానసంఖ్యలు లభించును. కలిపిన భాగమగు 4294967297 సైతము ప్రధానమేయని 17వ శతాబ్దిలో గణితవేత్త ఫెర్మా నమ్మెను. 1732లో ఆయిలర్ దానిని 641 నిశ్శేషముగా భాగించునని చూపెను. తక్కిన కారణాంకము 6700417.

మల్లన పద్యము చెప్పునాటికి ఈ 641 ఎచ్చట నుండెను? ఒకటి మాత్రము వస్తువుతో పుట్టుననియు, రెండు మొదలగు సంఖ్యలు చూచువాడు వస్తువులను ఇది యొకటి, అది యొకటి యని కలిపి గ్రహించు అపేక్షాబుద్ధి వలన జనించి, ఆ బుద్ధి తొలగినంతనే నశించుననియు వైశేషికులు చెప్పిరి. సంఖ్య కేవలము మన బుద్ధి సంతానమే అయినచో, ఫెర్మా వంటి మహామేధావి దృఢముగా నమ్మినదానిని అది ధిక్కరింప నేరదు. ఏ మానవుని బుద్ధియందును లేని 641 ఆ సంఖ్యను శతాబ్దుల పర్యంతము నిశ్శేషముగా భాగించుచునే యుండెను.

ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరసిద్ధికి చూపిన హేతువులలో సంఖ్య యొకటి. రెండు పరమాణువులు కలిసిన ద్వ్యణుకపు పరిమాణమునకు ఆ పరమాణువుల ద్విత్వము, అనగా రెండను సంఖ్య, కారణము. ఆ ద్విత్వమునకు అపేక్షాబుద్ధి కావలెను. సృష్ట్యాదియందు లెక్కించు జీవుడు లేడు కనుక అది ఈశ్వరునిదే కావలెనని ఆయన వాదము. ఇది నాకు మిక్కిలి ప్రీతికరమైన వాదము. పరమాణువుల కొరకు చెప్పినదానిని కారణాంకములకును విస్తరింపవచ్చునని నా విశ్వాసము. మానవులెవరు నెరుగని కాలమున 641ని ఎరిగిన జ్ఞానమొకటి యుండెననుట, సత్యము నిరాశ్రయముగా నుండెననుట కంటె నాకు సుబోధము.

అయినను ఆ ఈశ్వరుడు సంకల్పించి 4294967297ను ప్రధానసంఖ్యగా మార్పగలడా? మార్పలేడనియే నా తలంపు. ఇందువలన ఆయన శక్తికి కొరత యేర్పడదు. ఆ భాగహారము ఆయన ఇచ్ఛ చేసిన శాసనము కాదు, ఆయన జ్ఞానస్వరూపమునకు చెందినది.