ఒక యేటి చదువు

కాలము, భాష, ప్రక్రియ అను భేదమేమియు పాటింపక చేతికందిన గ్రంథమునెల్ల ఏడాది పొడవునను చదివినవానికి సంవత్సరాంతమున మిగులునది జ్ఞానమా, లేక ఒకదానికొకటి పొసగని అభిప్రాయముల రాశియా అని మా మామయ్యగారు నన్నడిగిరి. వారు వ్యాకరణమును, కావ్యములను గురుముఖమున అభ్యసించినవారు. ఒక్క గ్రంథమును పదిమాఱులు చదువుటయే చదువని వారి నిశ్చయము. నేను ఆ యేట ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ను, ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని, గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ను, టాల్‌స్టాయి ‘ఇవాన్ ఇల్యీచ్ మరణము’ను, ప్లేటో ‘ఫీడ్రస్’ను ఒకదాని వెంట ఒకటిగా చదివియుంటిని.

“ఆత్మవిద్యకు చెప్పిన శ్రవణ మనన నిదిధ్యాసనములు ఏ విద్యకైనను వర్తించును నాయనా,” అనిరి మామయ్యగారు. “నీవు చేసినది శ్రవణము మాత్రమే. ఒక గ్రంథము మనసునకు పట్టకమునుపే రెండవదానిని తెఱచితివి. మననమునకు ఎడమెక్కడ?”

“ఒకదానిని మననము చేయించినది రెండవదే, మామయ్యగారూ. ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావును చూడుడు. వంశప్రతిష్ఠను మోయలేక, దింపలేక, ఆస్తిని పోగొట్టుకొని, తన తర్కమునే తనపై ప్రయోగించుకొని తుదకు శ్మశానమున నశించిన ఆ మనుష్యునిపై నాకు కలిగినది జుగుప్సయే. పిమ్మట ఇవాన్ ఇల్యీచ్ చేతికి వచ్చెను. ఇతడు సర్వసమర్థుడు, న్యాయాధికారి, ఎచ్చట ఎట్లు మెలగిన మెప్పు కలుగునో అట్లే మెలగినవాడు. వాని మరణవార్తను పత్రికలో చూచిన సహోద్యోగులకు మొదట తోచినది ఆ పదవి ఎవరికి దక్కునను తలపు. సమర్థునికిని అసమర్థునికిని చివరకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: నేను బ్రతికినది బ్రతుకేనా? కాని ఇల్యీచ్ కాళ్ళను తన భుజములపై పెట్టుకొని గెరాసిమ్ అను సేవకుడు రాత్రులు కూర్చుండెను. ఆ సేవను ఇల్యీచ్ స్వీకరింపగలిగెను. సీతారామారావో, భార్యను సహితము తన వితర్కముతో దూరము చేసికొనెను. నా జుగుప్సకు మూలము వాని అసమర్థత కాదనియు, ఎవ్వరిని దరిచేరనీయని ఆ కాఠిన్యమనియు రెండవ పుస్తకము చదివిన పిదపనే నాకు స్పష్టమైనది.”

“అది మననమే, కాదనను,” అనిరి మామయ్యగారు. “అయినను ఒక నియమము కావలెను. కాళిదాస కావ్యములను వ్యాఖ్యానించిన కోలాచల మల్లినాథసూరి మన తెలుగుదేశమువాడు. మూలమున లేనిదానిని వ్రాయననియు, అనపేక్షితమును పలుకననియు ఆయన ముందే ప్రతిన పూనెను. నచ్చినదనుట, నచ్చలేదనుట ఎవనికైనను సులభము. గ్రంథములో ఏ చోట నచ్చెనో, అచ్చట ఏమున్నదో చూపుము.”

ఈ మాటతో మా చర్చ కాశీయాత్రవైపు మరలినది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారముతో బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయను, కలకత్తాను, జగన్నాథమును చూచుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. దారిలో వ్రాసి పంపుచుండిన విశేషములను ఆయన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ 1838లో అచ్చొత్తించెను. గ్రంథమున మజిలీ తరువాత మజిలీ: దూరమెంత, దారి ఎట్టిది, దిగుటకు వసతి కలదా, అంగళ్ళు కలవా, నీరెట్టిది.

“తొలుత ఆ పట్టికలు నాకు విసుగు పుట్టించినవి,” అంటిని. “క్రమముగా ఆ విసుగు గౌరవమైనది. ఏలన, నీటి మంచిచెడ్డలు వ్రాయునప్పుడు ఆయన తనకొఱకు వ్రాయుటలేదు. తాను దాటిపోయిన ఊరికి మఱునాడు వచ్చువాని దప్పికనుగూర్చి ఆలోచించుచున్నాడు. భక్తిని వర్ణించిన పుటలకంటె ఈ బావుల ముచ్చటలోనే నాకు ఆయన ధర్మబుద్ధి హెచ్చుగ కనబడినది. ఇది మూలములోనే యున్నది. అయితే ‘మాలపల్లి’ చదివిన పిదప అవే పుటలను మఱల తెఱచితిని. ఆ బావి నీరు మంచిదా అనునది వీరాస్వామయ్యగారి ప్రశ్న. ఆ బావిలో ఎవరు చేద వేయవచ్చును, ఎవరు దూరముగ నిలిచి దోసిలి పట్టవలెను అనునది ‘మాలపల్లి’లోని రామదాసు కుటుంబము నాకు నేర్పిన ప్రశ్న.”

మామయ్యగారు తల యడ్డముగ నూపిరి. “ఇచ్చటనే మల్లినాథుడు నిన్నాపును. ఆ ప్రశ్న వీరాస్వామయ్య గ్రంథములో లేదు. నూఱేండ్ల తరువాతి మనస్సును నూఱేండ్ల వెనుకటివానిపై మోపుట వ్యాఖ్యానమగునా?”

“ప్రశ్న లేకపోవచ్చును, బావి ఉన్నది కదా!”

వారు కొంతసేపు ఊరకుండి, “బావి ఉన్నది, నిజమే,” అని ఒప్పుకొనిరి. “అట్లయిన ఒక హద్దు పాటింపుము. బావి ఆయనది, ప్రశ్న నీది. ఈ రెంటిని ఒకే వాక్యమున కలిపి ‘ఆయన ఇట్లు తలచెను’ అని మాత్రము అనకుము. నీది నీదని చెప్పుకొన్నంతవఱకు నీవు అడుగుట న్యాయమే. ఇంకను చెప్పవలెనన్న, అడుగకపోవుటయే అన్యాయము.”

ఆ యేటి నా చదువులో వేఱెవ్వరును ఇంత విలువైన మాట నాకు చెప్పలేదు.

ఇక ‘ఫీడ్రస్’ సంగతి. ఏథెన్సు నగరపు గోడలకు వెలుపల, ఇలిస్సస్ ఏటియొడ్డున చెట్టునీడను కూర్చుండి సోక్రటీసు లిఖితాక్షరముపై నేరము మోపును: ప్రశ్నించినచో అది మౌనము వహించును, లేదా చెప్పినదానినే చెప్పును; ఎవరైన అన్యాయముగ నిందించినచో తన్ను తాను కాపాడుకొనలేదు, తండ్రి వచ్చి అడ్డుపడవలెను. గురుముఖమున చదివిన మామయ్యగారికి ఈ మాట మిక్కిలి ప్రియమైనది.

“వీరాస్వామయ్యగారి పుస్తకము నా ప్రశ్నకు బదులు పలుకలేదు,” అంటిని, “కాని ‘మాలపల్లి’ పలికినది. తక్కెళ్ళ జగ్గడు ధనికుల సంపదను పేదలకు పంచు ఘట్టములకంటె, కొడుకు సంగదాసును పోగొట్టుకొనియు ద్వేషమునకు లోబడని రామదాసు మాటలలో ఆ బదులు నాకు గట్టిగ వినబడినది. 1922లో రాయవెల్లూరు చెఱసాలలో వ్రాసిన ఆ నవలకు మద్రాసు ప్రభుత్వము తర్కముతో జవాబు చెప్పలేక నిషేధముతో చెప్పినది. గ్రంథము మూగదైనచో నిషేధింప పనియేమి?”

“అయినను తండ్రి కావలెనన్న మాట నిలుచును. గ్రంథకర్త లేడు. నీవు వక్రముగ చదివినచో అడ్డుపడువాడెవడు? నీవే కావలెను. నీకు నచ్చని గ్రంథమునకు సహితము నీవే తండ్రివై పక్షము వహింపవలెను. అట్లు ఎన్నింటికి చేయగలవో అన్నియే చదువుము. పదియైనను సరే, ఒక్కటియైనను సరే.”

పెక్కు గ్రంథముల చదువును వారు ఈ షరతుమీద అంగీకరించిరి. ఆ షరతు నాకును సమ్మతమే. చదువరులను నేను కోరునది ఒక్కటి: నేను చదివినవానిలో రెండు తెలుగు గ్రంథములను వేఱువేఱుగ గాక జంటగా చదువుడు. ‘కాశీయాత్ర చరిత్ర’ను ముందు, ‘మాలపల్లి’ని తరువాత చదివి, మఱల మొదటిదానిలో బావుల ప్రస్తావనలున్న పుటలను తెఱచి చూడుడు.