ఊపిరి గాదెలో ధాన్యమా?

మనిషి ఇన్ని ఊపిరులతో పుడతాడని, అవి అయిపోతే ఆయుష్షు తీరుతుందని మనలో ఒక నమ్మకం. రోజుకు 21,600 అని లెక్క కూడా ఉంది. ఆ లెక్కన చెడుగుడు ఆడి రొప్పే కుర్రాడు గాదెలో ధాన్యాన్ని దోసిళ్లతో పారబోసుకుంటున్నట్టే. గంటకు 900 తీయాల్సినవాడు ఆటలో నిమిషానికి 40 తీస్తే 1,500 అదనం. అంటే గంట ఆటకు వంద నిమిషాల ఆయుష్షు పోవాలి. ఇరవై ఏళ్లు రోజూ ఆడితే పదహారు నెలలు పైమాటే. కానీ నిత్యం ఒళ్లు వంచేవాళ్లే సగటున ఎక్కువకాలం బతుకుతున్నారు. తిరకాసు లెక్కను వాడుకోవడంలో ఉంది. ప్రతి ఊపిరినీ హంస మంత్రంగా భావించే అజపజపం రోజుకెంత అవుతుందో చెప్పే సంఖ్య అది. దాన్ని ఆయుష్షుకు హద్దుగా అంటగట్టింది మనమే.

ముసునూరు మామిడి రైతు దీనికి గట్టి అడ్డుప్రశ్నే వేయగలడు. కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తుంది. వరిగడ్డిలో మాగేసిన రసాల మధ్య చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం ఆ ఊపిరిదే. చల్లటి గదిలో పెడితే ఊపిరి మందగించి కాయ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. కాయకు చెల్లింది మనిషికెందుకు చెల్లదు? తేడా ముచ్చిక దగ్గరుంది. అక్కడ తెగిన కాయకు ఇక చెట్టు నుంచి వచ్చేదేమీ లేదు, ఉన్నదే కాల్చుకోవాలి. మనిషి పూటపూటకూ తింటాడు, అలసిన కండను తిరిగి కట్టుకుంటాడు. సాధన చేసిన గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది. అదే పరుగుకు మునుపటికన్నా తక్కువ ఊపిరి చాలుతుంది.

మరి కుంభకం మాటేమిటంటారా? ఊపిరి బిగపట్టడాన్ని ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయం బలమైన పనుల సందర్భంలో చెప్పింది: నిప్పు మథించడం, పందెంలో పరుగెత్తడం, గట్టి వింటిని వంచడం. మాట కూడా అలాంటిదేనట. చెడుగుడు కూతలో మాటా పరుగూ రెండూ ఉన్నాయి (గాలి సన్నగా బయటికి పోతూనే ఉంటుంది, అది వేరే సంగతి). కండలో సిద్ధంగా ఉన్న శక్తి కొన్ని సెకన్లకే సరి. ఆపైన ఆక్సిజన్ చాలకున్నా చక్కెరను విరిచి కాసేపు నెట్టుకొస్తుంది. ఈ లోటును 1922 నోబెల్ గ్రహీత ఎ.వి. హిల్ 'ఆక్సిజన్ అప్పు' అన్నాడు. కూర్చున్నప్పుడు నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్‌తో సరిపెట్టుకునే ఒళ్లు గట్టి ఆటలో మూడు లీటర్లు అడుగుతుంది. గీత దాటి తిరిగొచ్చిన కుర్రాడు మోకాళ్ల మీద చేతులాన్చి రొప్పేది ఆ అప్పు తీర్చడానికే. కాసేపటికి మళ్లీ కూతకు వెళతాడు.