ఇనుముకు నొప్పి లేదు

నలభై ఏళ్లు మద్రాసులో మోటారు మెకానిక్‌గా బతికాను. హైడ్రాలిక్ క్లచ్‌కు రెండు సిలిండర్లుంటాయి. పెడల్ తొక్కితే ఒత్తిడి పుట్టించేది 'మాస్టర్', ఆ ఒత్తిడికి కదిలేది 'స్లేవ్'. అంటే యజమాని, బానిస. ఆ అర్థం నేనెన్నడూ తలచలేదు.

కంప్యూటర్లలోనూ ఈ జంట పేర్లుండేవనీ, 2018లో పైథాన్ వాళ్లు, 2020లో మైఎస్‌క్యూఎల్ వాళ్లు మార్చడానికి పూనుకున్నారనీ మా అబ్బాయి చెప్పాడు. "ఇనుముకు అవమానమేమిట్రా?" అని నవ్వాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. షెడ్డులో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. 'గొల్టీ' అనేవారు, తెలుగును తిరగేసిన మాట. "తమాషాకే కదా" అనేవారు. వాళ్ల మనసులో విషం లేదని నాకూ తెలుసు. అయినా విన్నప్పుడల్లా తల దించుకున్నాను.

పేరు మారితే కూలి పెరగదు, నిజమే. మాట మార్చి న్యాయం చేశామనుకుంటే ఆత్మవంచనే. కానీ మాట గుచ్చుకున్నదీ లేనిదీ చెప్పవలసినవాడు అన్నవాడు కాదు, పడ్డవాడు. 1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. సంతలో అమ్ముడుపోయినవాళ్ల మునిమనవడు ఈవేళ అక్కడ ఆ సిలిండరే బిగిస్తూ ఉండవచ్చు. ఇనుముకు నొప్పి లేదు, అతనికుంటుంది.

నాకు ఖర్చు లేని ఒక్క మాట వదులుకోవడానికి వెనుకాడితే, నన్ను గొల్టీ అన్నవాడికీ నాకూ తేడా ఏముంది?