తూర్పు గట్టు కాయలు

అమలాపురం

చిట్టితల్లీ,

జీతంలో మిగిలింది బ్యాంకులో వెయ్యాలా, షేర్లలో పెట్టాలా అని మొన్న అడిగావు. ఫోన్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

డబ్బు విషయంలో నన్ను పూర్తిగా నమ్మకు. 1988లో కిసాన్ వికాస్ పత్రాలు వచ్చినప్పుడు, పెట్టిన సొమ్ము అయిదున్నరేళ్లకి రెట్టింపయ్యేది. ఇంక షేర్ల గొడవ నాకెందుకు? ఇప్పుడు అదే పత్రానికి 115 నెలలు పడుతోంది. పైగా నాకు పెన్షనుంది, డీఏ కలుస్తుంది. నీకున్నది పీఎఫ్ ఒక్కటే. నీకు అరవై రావడానికి ఇంకా ముప్పై ఆరేళ్లు. అన్నాళ్లూ అంతా ఎఫ్‌డీలో ఉంచితే వడ్డీలో చాలావరకు ధరలు తినేస్తాయి, పన్ను మాత్రం వడ్డీ మొత్తం మీద పడుతుంది.

కాబట్టి షేర్లు వద్దనను. కానీ 1996 నవంబరు 6 తుఫాను సంగతి మీ అమ్మనడుగు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలో కాలు పెట్టే చోటు లేదు. చెట్టు మీద చెట్టు, వేళ్లతో సహా. మీ అమ్మమ్మ ఒక పచ్చి గెల ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. మళ్లీ మొక్కలు వేశాం. దింపుకి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఈలోపు మీ అమ్మ డిగ్రీ, పెళ్లి, అన్నీ పోస్టాఫీసు డబ్బుతోనే గడిచాయి. పక్క తోటాయన చేతిలో పైసా లేదు. నేలనే అయినకాడికి అమ్ముకున్నాడు. తుఫాను కంటే ఆ అమ్మకమే ఆయన్ని ముంచింది.

మార్కెట్లోనూ అంతే. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ అక్టోబరులో 8,000 కిందికి దిగింది. మళ్లీ ఆ మెట్టు ఎక్కింది 2010 దీపావళికే. మధ్యలో ఇంట్లో అవసరం పడి అమ్మినవాళ్లకి ఆ దీపావళి లేదు. అయిదారేళ్లలో కావలసిన సొమ్ము అటువైపు పోనివ్వకు. యాభై అయిదు దాటాక మిగతాదీ కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకురా. ఒక్కో బ్యాంకులో అయిదు లక్షల దాకానే బీమా ఉంటుంది, అదీ చూసుకో.

మనవాడి కంపెనీ కదా అని కొనకు. సత్యం కంప్యూటర్స్ రాజుగారు మన భీమవరం వైపువారే. 2009 జనవరి 7న, లెక్కలు దొంగవని ఒప్పుకుంటూ ఆయన రాసిన ఉత్తరం బయటపడితే 179 రూపాయల షేరు సాయంత్రానికి 40కి వచ్చింది. అదే రోజు 9,600 దగ్గరున్న సెన్సెక్స్ 2024 జూలైలో 80,000 దాటింది. ఆ సెన్సెక్స్ లాంటి సూచీ వెంటే నడిచే ఇండెక్స్ ఫండ్ అంటున్నారే, నెలనెలా అందులో వేస్తూ ఉండు. రోజూ మాత్రం చూసుకోకు. మొక్క పెరిగిందా అని పీకి చూసే పిల్లల్లా ఉంటుంది.

ఆదివారం బస్సులో పాతిక కాయలు పంపిస్తున్నాను. తూర్పు గట్టు మీద 97లో వేసిన చెట్లవే. పీచు తీయించలేదు. మీ అపార్టుమెంటులో ఒలిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా, కనుక్కుని చెప్పు.

తాతయ్య