బిడ్డల వేదిక - పెద్దల ఆసనము



మాఘమాసమున నల్లగొండ సీమలోని చెరువుగట్టు జాతరకు పోయినవారికి ఒక దృశ్యము సుపరిచితము. తాత భుజములపై మనుమడు, అవ్వ కొంగు పట్టుకొని మనుమరాలు గుట్ట ఎక్కుచుందురు. రేణుకాచార్యుల వారి ఆవిర్భావ క్షేత్రమని మన సంప్రదాయము కొనియాడు కొలనుపాకకును పెద్దలు బిడ్డలను వెంటబెట్టుకొని పోవుచున్నారు. తమ దేవుని పిల్లలకు చూపుట పెద్దలకు పరమానందము. కాని ఆ పిల్లలు తాము నేర్చినదానిని మనకు చూపదలచిననాడు మనము పోవుచున్నామా? మన పండుగకు వారిని తీసికొని పోవుచున్నాము. వారి పండుగకు మనము రావలదా?

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గొడగూచి కథ కలదు. పొరుగూరికి పోవుచు తండ్రి, శివునికి నిత్యము పాలు నివేదింపుమని ఆ చిన్నారికి అప్పగించెను. శివుడు నిజముగనే త్రాగునని ఆమె నమ్మెను. త్రాగకుండుట చూచి ఏడ్చెను. ఆ ఏడుపునకు కరిగి శివుడు పాలు త్రాగెను. తిరిగి వచ్చిన తండ్రి ఈ మాట నమ్మలేదు. పాలు నీవే త్రాగితివని కోపించెను. నిజము తేల్చుకొనుటకు ఆమె వెంట గుడికి పోయెను. తుదకు బిడ్డ భయపడి లింగమును కౌగిలించుకొనగా, శివుడామెను తనలో చేర్చుకొనెను.

ఈ కథను మనము బిడ్డ భక్తికై చెప్పుకొందుము. తండ్రివైపు నుండియు ఒకమారు ఆలోచింపుడు. ఆయన కూడ గుడికి పోయెను. కాని చూచి మురియుటకు గాక పరీక్షించుటకు పోయెను. అడుగులు గుడిలోనికే పోయినవి, మనస్సు మాత్రము వాకిట నిలిచినది. బిడ్డను చూడ పోవుట ఒక ఎత్తు, నమ్మి చూచుట మరియొక ఎత్తు.

బసవేశ్వరుల నడవడి చూడుడు. అక్కనాగమ్మ కుమారుడు చెన్నబసవన్న వయస్సున చిన్నవాడు, వరుసకు మేనల్లుడు. అయినను షట్‌స్థల జ్ఞానమున ఆయనను పెద్దగా భావించి, ఆయన మాటను బసవన్న ఆదరముతో ఆలకించెను. చిన్నవాని ఎదుట శ్రోతయై కూర్చున్నంత మాత్రమున పెద్దరికము తరుగలేదు.

నేను బడిపంతులును. ఈ పాఠము నాకు గ్రంథముల వలన గాక ఒక అవ్వ వలన తెలిసినది. పాలమూరు నుండి దశాబ్దములుగా కూలికై బొంబాయి, పూనా నగరములకు వలసపోయిన కుటుంబములెన్నో. అట్టి ఇండ్లలో బిడ్డలను పెంచినది అవ్వాతాతలే. మా బడిలోనొక మూడవ తరగతి బాలికకు అవ్వయే దిక్కు. ఏ కాగితముపైననో వేలిముద్ర కావలసినప్పుడు తప్ప నేనామెను బడికి పిలిచిన పాపమున పోలేదు.

వార్షికోత్సవము నాడు ఆమె తనంత తానే వచ్చి గేటు దగ్గర చతికిలబడెను. “ముందుకు రా అవ్వా” అంటిని. “నాకేం ఎరుకైతది సారూ, ఈడనే కూసుంట” అనెను. నేను మరల పిలువలేదు.

బాలిక వేదిక ఎక్కి పద్యమారంభించెను. రెండవ పాదమున మాట తప్పినది. కన్నులు జనములో ఎవరినో వెదకినవి. అప్పుడు గేటు దగ్గర అవ్వ గోడ పట్టుకొని లేచి నిలిచెను. ఆమె పెదవులు కదలుచున్నవి. బిడ్డ అవ్వను చూచెను, పద్యము సాగినది. తరువాత అడుగగా ఆమె, “రాత్రిపూట నా పక్కన పండుకొని సదివేది సారూ. ఇని ఇని నాక్కూడ నోటికొచ్చింది” అనెను.

అక్షరము రాని ఆ తల్లికి పద్యము పూర్తిగా వచ్చును. ఆమెకు నేర్పినది మనుమరాలు. మనుమరాలికి ధైర్యమిచ్చినది ఆమె. అక్షరములు నేర్పు నేను ఆమెను గేటు దగ్గరనే కూర్చుండనిచ్చితిని. ఆ సిగ్గు నన్నింకను వీడలేదు.

శరణులారా! దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. తనకున్నదానిని సవినయముగా సమర్పించుట. వృద్ధాప్యమున బలము తగ్గును, ధనము తగ్గును, తీరిక మాత్రము మిగులును. ఆ తీరికను బిడ్డ ఎదుట సమర్పించుట కూడ దాసోహమే. బిడ్డ ఆటకు, పాటకు, పరుగుపందెమునకు పోవుడు. బహుమతి వచ్చినదా అని మొదట అడుగకుడు. పొరుగింటి బిడ్డతో పోల్చకుడు. కాళ్లు సాగనివారు మంచము దగ్గరనే బిడ్డచేత ఒక వచనము చెప్పించుకొని వినుడు.

మఠముల పెద్దలకొక విన్నపము. వైశాఖ శుద్ధ తదియ నాడు బసవ జయంతికి బిడ్డలచేత వచనములు చెప్పించునప్పుడు, ముందువరుస చాపలు అతిథులకు గాక అవ్వాతాతలకు పరచుడు. వేదికపై తడబడిన బిడ్డ కన్నులు వెదకునది వారినే.

శివుడు ఒక చిన్నారి నమ్మకమునకు కరిగి పాలు త్రాగెను. మనము కనీసము కూర్చుండి చూడలేమా?

ఓం నమః శివాయ.