చక్రములు లేని రథము

ఫాల్గుణ పూర్ణిమనాడు మంగళగిరిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవము జరుగును. మోకులు పట్టి వేలాది భక్తులు రథమును లాగుదురు. గర్భాలయమునందలి స్వామి గడప దాటి వీధిలోనికి వచ్చుటయే ఆ ఉత్సవమునకు ప్రాణము. గుడిమెట్లు ఎక్కలేని వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు తమ వాకిటనుండియే స్వామిని కన్నులార చూతురు.

సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి గుట్టమీద రెండేండ్లకొకసారి జరుగు పెద్దగట్టు జాతరయందు కొయ్యరథము లేదు. శ్రీ లింగమంతులస్వామి, చౌడమ్మతల్లి అచటి దైవములు. తెలంగాణమున మేడారము తరువాత ఇంతటి జాతర మరియొకటి లేదని ప్రసిద్ధి. కేసారము గ్రామమునుండి దేవరపెట్టెను యాదవ భక్తులు మోసికొని గట్టునకు చేర్తురు. భేరీల మ్రోత, కటారుల విన్యాసము, గజ్జెల లాగుల సవ్వడి, "ఓ లింగా" యను కేక. స్త్రీలు గంపలు తలకెత్తుకొని గుడిచుట్టు ప్రదక్షిణము చేయుదురు.

పెద్దలు చెప్పు కథయొకటి కలదు. పూర్వము స్వామి సమీపమునందలి ఉండ్రుగొండపై వెలసియుండెనట. అది ఎత్తైనది, ఎక్కుటకు కష్టమైనది. నైవేద్యపు గంప తలపై పెట్టుకొని ఎక్కుచున్న నిండు గర్భిణి యొకతె కాలుజారి పడి ప్రాణములు విడిచెను. ఆమె భక్తికి లోపము లేదు, కొండయే ఎత్తు. స్వామి మనసు కలతపడెను. తన కొఱకు వచ్చు బిడ్డలు ఇట్లు నశింపరాదని ఆ శిఖరమును విడిచి, అందఱును ఎక్కగల ఈ చిన్నగుట్టకు దిగివచ్చెను. కొండ యెక్కలేని భక్తుని నిందించు కథలు మనకు కొన్ని కలవు. ఇచట కొండయే తప్పు మోసినది.

ఆగమోక్తమైన రథము లేనప్పుడు ఇది రథోత్సవమెట్లగునని శాస్త్రజ్ఞులు కొందఱు ఆక్షేపింపవచ్చును. వారు కఠోపనిషత్తును స్మరింపవలెను. యముడు నచికేతునకు చెప్పిన రథమునకు కొయ్యతో పనిలేదు. శరీరమే రథము, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గములు, ఇంద్రియములు గుఱ్ఱములు. కేసారమునుండి గట్టుదాక దేవరపెట్టెను మోయు దేహములు రథములు గాక మఱేమి? చెమటోడ్చి నడచుచున్న ఆ కాపరికి ఉపనిషత్తు పేరు తెలియకపోవచ్చును. దానివలన అతని రథమునకు వచ్చిన లోటు లేదు.

ఈ జాతరలో జంతుబలులు కలవని ముఖము త్రిప్పుకొనువారును ఉన్నారు. లింగమంతులస్వామికి నైవేద్యము శాకాహారమే, బలులు చౌడమ్మకు. నచ్చనివారు నచ్చలేదని చెప్పవచ్చును గాని, చూడకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు.

గుట్టప్రక్కనే హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి సాగును. 2023 ఫిబ్రవరి 5 నుండి, 2025 ఫిబ్రవరి 16 నుండి ఐదేసి దినములు జాతర జరిగినది. ఆ దినములలో విజయవాడనుండి వచ్చు వాహనములను కోదాడయొద్ద మఱలించి హుజూర్‌నగర్, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా పంపిరి. తొందరపనులమీద పోవు ప్రయాణికులు చాలమంది విసుగుకొనియే యుందురు. ఉండ్రుగొండనుండి దిగివచ్చిన స్వామికి వారు ఎంతో దూరమునుండి ప్రదక్షిణము చేసి పోయిరి.