తాళము వేసిన ఇంటి ధర్మము

కృష్ణరాజపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కింటికి రెండిండ్లు కలవు. ఒకటి ఇచ్చట, మనము నిత్యము పండుకొని లేచెడిది. రెండవది పాత మద్రాసు బాటవెంట కోలారు, ముళబాగిలు దాటి, చిత్తూరు, కడప, నెల్లూరు సీమలలో తాళము వేసియున్నది. మన ఉద్యోగము ఇచ్చటిది, పిల్లల చదువు ఇచ్చటిది, ఓటు ఇచ్చటిది. అయినను “మీదే ఊరు?” అని యెవరైన అడిగినచో మనము చెప్పునది ఆ రెండవ ఇంటి ఊరే. పేరునకు మనదై, వాడుకకు ఎవరిదియు కాని అట్టి ఇంటియెడల మనకు గల ధర్మమేమి? ఈ ప్రశ్న ఏడాది పొడుగున నిద్రించి, కార్తిక మార్గశిరములలో వాన పట్టిన రాత్రి మేల్కొనును.

ఆ వానను మనము అకాలవర్షమందుము. నిజమునకు అది అకాలము కాదు. దక్షిణకోస్తాకును రాయలసీమకును అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల కాలమే. స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలను లెక్కించుకొను రైతునకు వాన వచ్చుట వింతగాదు. దాని ఉద్ధృతియే ఒక్కొక్కయేడు అంచనాలను మించును. 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండము పుదుచ్చేరి, చెన్నైల నడుమ తీరము దాటినది. ఆనాడే చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతమున పులపత్తూరు, మందపల్లి మున్నగు గ్రామములు వరద పాలైనవి, ప్రాణములును పోయినవి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. ఇట్టి రాత్రులలో మనము ఇచ్చట పొడిపడకపై పండుకొని, అచ్చటి మిద్దెను తలచుకొనుచుందుము.

కాపురమున్న ఇంటికిని తాళము వేసిన ఇంటికిని భేదమేమి? రాయలసీమ మట్టిమిద్దెను చూడుడు. ఏటేట దానిపై చవుటిమన్ను పఱచి, దిమ్మిసతో కొట్టి, వెలుతురుకై విడిచిన గవాచిని వానకు మూసి, నీరు పోవు తూములలోని ఆకులను తీసివేయుదురు. మనుష్యులున్న ఇంట కారినచోట గిన్నె పెట్టుదురు. వాన వెలిసినంతనే మిద్దెయెక్కి పూడ్చుదురు. తాళము వేసిన ఇంట ఆ మొదటి చుక్కను చూచువారు లేరు. చుక్క ధారయగును, దూలము నానును, చెదలు పట్టును, కొన్నేండ్లకు కప్పు కూలును. మంచు పడు దేశములలో ఇదే కథ వేఱొక విధముగ నడచును. నీరు గడ్డకట్టినపుడు సుమారు 9 శాతము వ్యాకోచించును. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసును, మనవారు పెక్కుమంది నివసించు రాష్ట్రమును, ఊహింపని చలి ముంచెత్తినపుడు ఎన్నియో ఇండ్లలో గొట్టములు పగిలినవి. మనుష్యులున్నచోట నీటిని కట్టివేసిరి. లేనిచోట అది పారుచునే యుండును. దేశములు వేఱైనను సూత్రమొక్కటే: ఇంటిని చెఱచునది వానకన్న చూచువారి లేమి.

కావుననే మనము చూచువారిని ఏర్పఱచుకొనుచున్నాము. పొరుగింటి పెద్దమ్మకో, చిన్ననాటి స్నేహితునికో తాళపుచెవి ఇచ్చి వచ్చుచున్నాము. చిక్కు ఇచ్చటనే కలదు. తుపాను రాత్రి ఫోను చేసి, “అన్నా, ఒక్కసారి మా మిద్దె చూచి రా” అని అడుగుట సులభము. ఆ సమయమున ఆ అన్న ఇంటి కప్పు ఎట్లున్నదో మనము అడిగితిమా? తడిసిన గోడలలో విద్యుత్తు పాఱునేమో, వీధి కాలువ పొంగినదేమో తలచితిమా? ఆయన కాదనజాలడు, ఆయన మొగమాటమే మనకు బలము. తాళపుచెవి ఇచ్చుట విశ్వాసము. దానిని ఆపత్కాలమున ఆజ్ఞగా మార్చుట అధర్మము. ఎంతటి పూర్వికుల గోడయైనను బ్రతికియున్న మనిషి కాలికి వచ్చు గాయముతో సరితూగదు.

అట్లని ఇంటిని విడిచివేయుమనుట మా యభిమతము కాదు. చేయవలసినది స్వాతికార్తెకు ముందే చేయవలెను. తూములు, గవాచి సరిచూచుట, మెయిన్ స్విచ్చి ఆపుట, పత్రములను, పటములను వెంట తెచ్చుకొనుట ఒక దినపు పని. చూచువారికి తగిన ప్రతిఫలము మాటలాడి యియ్యవలెను. సంక్రాంతికి ఒక చీర పెట్టి, ఏడాది కాపలాను ఆప్యాయతగా లెక్కకట్టుట న్యాయము కాదు. ఇక ఉమ్మడి ఇండ్ల సంగతి. నలుగురన్నదమ్ముల ఇల్లైనచో ఒకరు బాగుచేయింతురని ఒకరు చూచుచుందురు. పంపకమునాడు నలుగురును హక్కుదారులే, కప్పు కారునాడు ఒక్కడును కాడు. హక్కు పంచుకొన్నవారు ఖర్చును కూడ పంచుకొనవలెను.

చివరి ప్రశ్న అన్నింటికన్న కఠినమైనది. పొరుగువాని ఇల్లు నీట మునిగి, మన ఇల్లు మెఱకపై ఖాళీగ నిలిచియున్నచో, ఆ తాళము తీయవచ్చునా? “చేరినవారు లేవరు, వ్యాజ్యములు పుట్టును” అని పెద్దలందురు. ఆ భయము నిరాధారము కాదు. అట్టి తగవులు మనమెఱిగినవే. కాని నాలుగు దినముల ఆశ్రయమును, శాశ్వతమైన అనుభవమును ఒకటిగా తలపరాదు. ఊరి పెద్దల ఎదుట గడువు చెప్పి, అవసరమైనచో కాగితము వ్రాసికొనిన భయమునకు మందు కలదు. తలుపు మూసి, వాకిట నిలిచిన తడిసిన బిడ్డను పంపివేసినచో ఆ దోషమునకు మందు లేదు. మన తాతలు ఆ ఇంటిని కట్టినది మనుష్యులుండుటకు గదా! మనమచ్చట లేకపోవుట తప్పు కాదు. బ్రతుకుతెరువు మనలనిచ్చటికి తెచ్చినది. మనము లేనిచోట ఆపదలోనున్నవారిని ఉండనిచ్చుట ఆ ఇంటికి మనము చేయగల మరమ్మతులలో మొదటిది. ఈ యేడు స్వాతికార్తెకు ముందే, చెవి ఉంచుకొన్నవారికి ఈ మాట మన నోటితో చెప్పియుంచుదము.